పాయింట్ నాట్ టూ గారి కింద మూడేళ్ళు

ఈమధ్య ఉద్యోగంలో కొత్తగా చేరిన ఇంజనీర్లు నలుగురు భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. "సార్, మీ అనుభవాలు చెప్పండి, మాకు పనికొస్తాయి" అన్నారు. ఏ ఏడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ సభలో ఎవరు శాలువా కప్పారో చెప్తానని అనుకున్నట్టున్నారు. ఆ శాలువాలు బీరువాలో ఉన్నాయి. వాటి సంగతి చిమ్మటలు చూసుకుంటున్నాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్క అంకె గురించి. దాన్ని నమ్మి పైకి వచ్చినవాళ్ళున్నారు. దానివల్ల కొన్ని నెలలు ఉద్యోగం పోగొట్టుకున్నవాడొకడున్నాడు. ఆ రెండు రకాలకీ మధ్య నిలబడి సంతకం పెట్టినవాణ్ణి నేను.

అసలు ఆ అంకె ఏమిటి?

నీళ్ళు ఊరికే గొట్టంలోంచి పోవు. ఎత్తున ఉన్న ట్యాంకులోంచి బయలుదేరిన నీటికి కొంత బలం ఉంటుంది. గొట్టం గోడలకి రాసుకుంటూ పోతున్నకొద్దీ ఆ బలం తరుగుతుంది. ఎంత తరుగుతుందో చెప్పే అంకెనే మేము ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ అంటాం. గొట్టం నున్నగా ఉంటే ఆ అంకె తక్కువ, గరుకుగా ఉంటే ఎక్కువ. అది సరిగ్గా వేస్తే ఊరి చివరి కుళాయికి నీళ్ళొస్తాయి. తప్పు వేస్తే గాలి వస్తుంది.

గొట్టంలో నీళ్ళు బుద్ధిగా వరసలో నడుస్తాయని కాలేజీకి పోనివాళ్ళు అనుకుంటారు. కాలేజీకి పోయినవాళ్ళు కూడా ఉద్యోగంలో చేరాక అలాగే అనుకోవడం మొదలుపెడతారు. నిజానికి అవి మొదటాటకి సినిమాహాలు గేటు తీసినప్పటి జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ, సుడులు తిరుగుతూ పోతాయి. అలాంటి ప్రవాహానికి ఫ్యాక్టర్ కట్టే సూత్రంలో ఒక తిరకాసు ఉంది. మనం కనుక్కోవలసిన అంకె సమీకరణానికి రెండు వైపులా కూర్చుని ఉంటుంది. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు. కాబట్టి ముందు ఒక అంకె ఊహించి వెయ్యాలి. దానితో లెక్క కడితే ఇంకో అంకె వస్తుంది. దాన్ని మళ్ళీ వెయ్యాలి. రెండు అంకెలూ కలిసేదాకా అలా తిప్పుతూ ఉండాలి. ఇప్పుడు మీకు కంప్యూటరు రెప్పపాటులో చేసి పెడుతుంది. డెబ్బైల మొదట్లో మాకు స్లైడ్ రూలు, లాగరితం పుస్తకం, ఓపిక ఉండేవి. మూడోది అందరికీ ఉండేది కాదు.

పెద్దాయన

మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారి పేరు రాయను. వారి పిల్లలు మంచివాళ్ళు. ఆఫీసులో అందరూ వెనకాల ఆయన్ని 'పాయింట్ నాట్ టూ గారు' అనేవారు. ప్రపంచంలో ఉన్న గొట్టాలన్నిటికీ ఫ్రిక్షన్ ఫ్యాక్టర్ 0.02 అని ఆయన సిద్ధాంతం. ఇనప గొట్టమైనా, సిమెంటు గొట్టమైనా, రెండంగుళాలదైనా, రెండడుగులదైనా అదే.

నేను చేరిన కొత్తలో ఒక లైనుకి రెండు పేజీలు లెక్క కట్టి గవర్నరుపేటలో ఆయన గదికి తీసుకెళ్ళాను.

"ఎంతొచ్చిందయ్యా?"

"జీరో పాయింట్ జీరో వన్ ఎయిట్ సార్."

"టూ వెయ్యి."

ఇంకోసారి ఇంకో లైనుకి 0.024 వచ్చింది. "టూ వెయ్యి" అన్నారు. అంతకంటే తక్కువ వచ్చినా టూయే, ఎక్కువ వచ్చినా టూయే. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"సార్, గొట్టాన్ని బట్టి, ప్రవాహాన్ని బట్టి మారుతుంది కద సార్?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "ఇరవై ఏళ్ళ కింద మా పెద్దసారు నాకు టూ వెయ్యమన్నారు. ఈ ఇరవై ఏళ్ళలో కృష్ణలో నీళ్ళేమన్నా మారాయా?"

గదిలో ఉన్న హెడ్ క్లర్కు నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ నవ్వు దగ్గర మీరు జాగ్రత్తగా ఉండాలి. పైవాడి అజ్ఞానానికి మొదటిసారి నవ్వినప్పుడు మర్యాద అనుకుంటాం. పదోసారి నవ్వేసరికి మన అజ్ఞానం కూడా అందులో కలిసిపోయి ఉంటుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆయన దొంగ కాదు. గుత్తేదారు ఇంటికి భోజనానికి పిలిస్తే వెళ్ళేవారు కాదు. కొత్త గొట్టాలకి 0.02 మరీ దారుణమైన అంకె కూడా కాదు. అటో ఇటో గడిచిపోతుంది. గడిచిపోయినన్నాళ్ళూ ఆయన్ని అందరూ అనుభవజ్ఞుడనే అన్నారు. నిజాయితీ ఉంటే చాలు, లెక్క రానక్కర్లేదని ఒక నమ్మకం మన ఆఫీసుల్లో ఉంది. దొంగకి కనీసం ఎక్కడ తప్పు చేస్తున్నాడో తెలుస్తుంది.

పాత గొట్టాలు

డెల్టా చివర, సముద్రానికి దగ్గరగా ఒక ఊరికీ, దాన్ని దాటాక ఉన్న పల్లెపాలేనికీ కలిపి మంచినీళ్ళ పథకం వచ్చింది. ఊళ్ళో రైతులు. పాలెంలో వేటకి పోయే కుటుంబాలు. అక్కడ బావి తవ్వితే ఉప్పునీరు పడుతుంది. వేసవిలో కాలవలు కట్టేశాక పాలెం ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి, ఊరికి అవతలున్న చెరువులో అడుగున మిగిలిన నీళ్ళు తోడుకునేవాళ్ళు. ఊరివాళ్ళు తోడుకోనిస్తే.

ట్యాంకు నుంచి ఊరికి అయిదు కిలోమీటర్లు, అక్కడ నుంచి పాలేనికి ఇంకో కిలోమీటరు. ఆరంగుళాల ఇనప గొట్టం. కుళాయిల కంటే ట్యాంకు నీటిమట్టం పన్నెండు మీటర్లు ఎత్తు. కొత్త గొట్టాలకి నేను లెక్క కడితే దారిలో పది మీటర్లు పోతుంది, రెండు మిగులుతుంది. పెద్దాయన అంకెతో ఇంకా ఎక్కువే మిగులుతుంది. అంతవరకూ గొడవ లేదు. అంచనా మంజూరైంది.

తీరా గొట్టాలు లారీల్లో దిగాక చూస్తే అవి కొత్తవి కావు. పట్నంలో ఎక్కడో పాత లైను తవ్వి తీసినవి. బయట నిగనిగలాడేలా తారు పూసి పంపారు, పెళ్ళిచూపులకి తయారుచేసినట్టు. నేను ఒకదాని లోపల మోచేతిదాకా చెయ్యి పెట్టాను. లోపలంతా తుప్పు బుడిపెలు, పనసకాయ తొక్కలాగా. చెయ్యి బయటికి తీస్తే ఎర్రటి బురద. పక్కన ఫిట్టరు సాంబయ్య నిలబడి ఉన్నాడు. పథకం పూర్తయ్యాక ఆ లైను వాల్వులన్నీ చూసుకోవలసినవాడు అతనే. పదహారేళ్ళ సర్వీసు.

"అయ్యగారూ, దీంట్లో నీళ్ళు పోతయ్యంటారా?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నం బుడిపెల ఎత్తు కొలిచి, మళ్ళీ లెక్క వేశాను. అంకె 0.045 దాటింది. అంటే దారిలోనే పంతొమ్మిది మీటర్లు కావాలి. మన దగ్గర ఉన్నది పన్నెండు. మర్నాడు బస్సెక్కి విజయవాడ వెళ్ళి పెద్దాయన ముందు కాగితం పెట్టాను.

"గొట్టం పాతదో కొత్తదో చూసుకోడానికి నీళ్ళకేమన్నా కళ్ళున్నాయా?" అన్నారు.

"కళ్ళతో పనిలేదు సార్. రాసుకుంటూ పోతాయి."

"అంచనా టూ మీద మంజూరైంది. మంజూరైన అంకె మార్చాలంటే ఫైలు మళ్ళీ మొదటికి పోతుంది. వేసవి ముంచుకొస్తోంది. వచ్చిన గొట్టాలకి టూ వేసి, సరిపోతాయని ఒక సర్టిఫికెట్ రాసి తీసుకురా. కాదంటావా, పథకం ఆగింది నీవల్లేనని రాస్తాను."

నేను రాశాను. కింద సంతకం పెట్టాను. ఆ సంతకం కూడా చాలా అందంగా వచ్చింది. తప్పుడు కాగితాల మీద నా సంతకం ఎప్పుడూ బాగానే కుదిరేది, భయంతో నెమ్మదిగా పెట్టేవాణ్ణి కాబట్టి.

ప్రారంభోత్సవం

ప్రారంభోత్సవం నాడు పాలెంలో నీళ్ళు ధారగా వచ్చాయి. ఇది మీరు గుర్తుంచుకోవాలి. ప్రారంభోత్సవం నాడు నీళ్ళు ఎప్పుడూ వస్తాయి. ఆరోజు ఊళ్ళో కుళాయిలన్నీ కట్టేయించాం. గొట్టం మొత్తం ఒక్క పాలెం కోసమే పనిచేసింది. వచ్చిన పెద్దమనిషి దోసిలి పట్టి తాగి, "కొబ్బరినీళ్ళలా ఉన్నాయి" అన్నాడు. చప్పట్లు. పెద్దాయన నా వైపు తిరిగి, "చూశావా, టూ!" అన్నారు.

మర్నాడు ఊళ్ళో కుళాయిలు తెరిచారు. పాలెంలో కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

ఊళ్ళోనూ నీళ్ళు సన్నగానే వచ్చాయి. వాళ్ళు తెలివైనవాళ్ళు. కుళాయిల చుట్టూ గుంటలు తవ్వి, గొట్టం కోసి, కుళాయిని నేలకంటే కిందికి దించుకున్నారు. దాంతో పాలేనికి తడి కూడా లేకుండా పోయింది. పదిహేను రోజుల్లో పాలెంవాళ్ళకీ ఊరివాళ్ళకీ మాటలు పోయాయి. నెల తిరక్కుండా చెరువుగట్టు మీద బిందెలతో కొట్టుకున్నారు. ఒకామెకి తల పగిలింది. పైకి అర్జీలు వెళ్ళాయి. పైనుంచి ప్రశ్న వచ్చింది: ప్రారంభోత్సవం నాడు వచ్చిన నీళ్ళు ఇప్పుడెందుకు రావడం లేదు?

మా శాఖలో ప్రశ్నకి కారణం ఎవరూ వెతకరు. మనిషిని వెతుకుతారు. మనిషి వీలైనంత కిందివాడై ఉండాలి.

"సాంబయ్య ఊరివాళ్ళతో కుమ్మక్కై పాలెం వాల్వు మూసేస్తున్నాడు" అన్నారు పెద్దాయన. "విచారణ చేసినట్టు ఒక రిపోర్టు రాయి."

"వాల్వు తెరిచే ఉందని సాంబయ్య చెప్తున్నాడు సార్."

"మరి నీళ్ళెందుకు రావట్లేదు? నీ లెక్క తప్పా?"

లెక్క ఎవరిదో ఇద్దరికీ తెలుసు. సంతకం ఎవరిదో కూడా ఇద్దరికీ తెలుసు. ఆయన నన్ను చూస్తూ కూర్చున్నారు. నేను రిపోర్టు రాశాను. 'వాల్వు నిర్వహణలో ఫిట్టరు నిర్లక్ష్యం వహించినట్లు కనబడుచున్నది.' ఈ 'కనబడుచున్నది' అన్న మాట కనిపెట్టినవాడికి మా శాఖ గుడి కట్టాలి. చూడకుండానే చూసినట్టు రాయడానికి అంతకంటే మంచి మాట లేదు. వారంలో సాంబయ్యని సస్పెండు చేశారు.

నాంచారమ్మ

ఆ తర్వాత ఒకరోజు పాలెం వెళ్ళవలసి వచ్చింది. కుళాయి దిమ్మ మీద ఒకావిడ చేపలు ఎండబోస్తోంది. దానికి వేరే ఉపయోగం లేదు మరి. ఆవిడ పేరు నాంచారమ్మ. చెరువుగట్టు మీద తల పగిలింది ఆవిడకే. కట్టు ఇంకా ఉంది.

"సాంబయ్యని తీసేశారంటగా బాబూ?" అంది, చేపలు తిరగేస్తూనే.

"వాల్వు సరిగ్గా చూడలేదని..."

"ఎవురు చెప్పారు?"

నేను కుళాయి తిప్పి చూడబోయాను.

"మూడు రోజులు ఈడనే కూచున్నాడయ్యా ఆ మడిసి. మా మరిదిని ఎంటబెట్టుకుపోయి వాలు మొత్తం తిప్పి చూపించాడు. తెరిచే ఉంది. నీళ్ళు లేవు. వాలు తెరిచినోడిది తప్పా, గొట్టం ఏసినోడిది తప్పా?"

"ఊరివాళ్ళు గుంటలు తవ్వారు కదమ్మా."

"తవ్వారు. ఆళ్ళని నేను బూతులు తిట్టాను, ఆళ్ళు నా తల పగలగొట్టారు. అది మా లెక్క, మేం చూసుకుంటాం. నీ లెక్క సంగతి చెప్పు. మాకు చేప పడకపోతే సముద్రం దొంగదని కేసు పెడతామా? ముందు వల తీసి చూసుకుంటాం, యాడ చిరిగిందోనని. నువ్వు చూసుకున్నావా?"

నాకు డిగ్రీ ఇచ్చిన ప్రొఫెసర్లు అయిదుగురు కలిసి కూడా ఇంత సూటిగా అడగలేదు. నేను చూసుకున్నాను. చూసుకునే సంతకం పెట్టాను. ఆవిడతో మాత్రం, "చూస్తానమ్మా" అన్నాను.

"ఎప్పుడు? ఎండ తగ్గినాకా?" అంది.

ప్లాస్టిక్ గొట్టం, వెదురు కర్ర

రెండు రోజుల తర్వాత పొద్దున్నే పని మొదలుపెట్టాను. ఆఫీసులో ఒక ప్రెషర్ గేజ్ ఉండేది. దాని ముల్లు ఎప్పుడో ఇరుక్కుపోయింది. ఏ లైనుకి పెట్టినా ఒకే అంకె చూపించేది. ఆ గుణం వల్లే మా ఆఫీసులో అంతకాలం నిలబడిందనుకుంటాను. దాన్ని వదిలేసి బజార్లో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టం కొన్నాను. దాన్ని ఒక వెదురుకర్రకి కట్టి, ఊరి దగ్గర లైనుకి తగిలించాను. లైనులో ఎంత బలం ఉంటే గొట్టంలో నీళ్ళు అంత ఎత్తుకి ఎక్కుతాయి.

ముందు ట్యాంకులోకి నీళ్ళు రాకుండా కట్టేసి, అరగంటలో మట్టం ఎంత దిగుతుందో కొలిచాను. నలభై రెండు సెంటీమీటర్లు. దాన్నిబట్టి లైనులో ఎన్ని నీళ్ళు పోతున్నాయో తెలిసింది. ఊళ్ళో కుళాయిలన్నీ తెరిచే ఉన్నాయి. అక్కడే ఉన్న పాలెం వాల్వు కూడా పూర్తిగా తెరిచి, దాని పక్కన నాంచారమ్మనీ ఆవిడ మరిదినీ నిలబెట్టాను, ఎవరూ ముట్టుకోకుండా. ఊరి పెద్దలు కూడా వచ్చి పక్కనున్న కాలవగట్టు మీద నిలబడ్డారు. ఏదో దొంగని పట్టుకుంటున్నారని అనుకున్నారు. నిజమే, పట్టుకుంటున్నాను.

వెదురుకర్ర మీద నీళ్ళు నా మోకాలు దాటి, జానెడు ఎక్కి ఆగిపోయాయి. డెబ్బై సెంటీమీటర్లు. కుళాయి ఎత్తు నడుముదాకా. పాలెం దాకా పోవడానికే బలం లేదు, ఇంక కుళాయి ఎక్కడం ఎక్కడ! ఉన్న పన్నెండు మీటర్లూ మా తుప్పు గొట్టాలే మింగేశాయి. గట్టు మీదే కూర్చుని స్లైడ్ రూలు తీసి లెక్క వేశాను. 0.048. కాగితం మీద నేను ఒప్పుకున్నదానికి రెట్టింపు కంటే ఎక్కువ.

"ఏంటంట?" అన్నాడు ఊరి పెద్ద ఒకాయన.

"గొట్టాలు పాతవండీ. లోపల తుప్పు. అందుకే మీకూ సన్నగా వస్తున్నాయి, పాలేనికి అసలు రావట్లేదు."

"మరి మేం ఆళ్ళ నీళ్ళు తాగేస్తన్నామన్నారే?"

"ఆళ్ళు మా వాలు కట్టేశారన్నారే?" అంది నాంచారమ్మ.

ఇద్దరూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి నన్ను చూశారు. రెండు ఊళ్ళ మధ్య అంత ఐకమత్యం అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

రెండో సంతకం

పెద్దాయన నా లెక్క మొత్తం చదివారు. చదవడం నేను మొదటిసారి చూశాను.

"ఇది పైకి పంపితే మొదట పోయేది నువ్వే. సర్టిఫికెట్ మీద ఉన్నది నీ సంతకం. నేను దాన్ని నమ్మాను, అంతే."

"అవును సార్. అదే రాశాను. గొట్టాలు పాతవని తెలిసీ సంతకం పెట్టానని రాశాను. మీరు వెయ్యమన్నారని కూడా రాశాను. సాంబయ్య తప్పు లేదని రాశాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "మా పెద్దసారు అదే వేసేవారయ్యా" అన్నారు చివరికి. గొంతులో కోపం లేదు. మొదటిసారి ఆయన మీద జాలి వేసింది. ఇరవై ఏళ్ళుగా ఎవరి అంకెనో మోస్తూ తిరిగిన మనిషి. జాలి వేసినా కాగితం వెనక్కి తీసుకోలేదు. ఆ రెండూ కలపకూడదని ఆరోజే తెలిసింది.

తర్వాత జరిగినవి జరగవలసినట్టే జరిగాయి. నాకు మెమో వచ్చింది, మన్యం వైపు బదిలీ వచ్చింది. పెద్దాయనకి ప్రమోషన్ వచ్చింది. ఆయన అంకె ఇంకా పెద్ద గొట్టాలకి వెళ్ళింది. పాలెం లైనులో మొదటి అయిదు కిలోమీటర్లు కొత్త గొట్టాలు వేశారు, మరుసటి వేసవి నాటికి. నీళ్ళు వచ్చాయి. సాంబయ్యని ఏడు నెలల తర్వాత పనిలోకి తీసుకున్నారు. ఏడు నెలలూ అతను ఏం చేశాడో ఆఫీసులో ఎవరూ అడగలేదు.

మీరంతా నన్ను, 'ధైర్యంగా నిజం రాసిన ఇంజనీరు' అని చెప్పుకుంటారని విన్నాను. అందుకే ఈ చివరి ముక్క కూడా రాస్తున్నాను.

బదిలీ మీద వెళ్ళేముందు సాంబయ్య ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడుగుదామని. అతను నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి, తను అరుగు మీద కూర్చున్నాడు. నేను మొదలుపెట్టేలోపే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు చెప్పబాకండి సార్. నాకు తెలుసు వాల్వు మూయలేదని. మీరు రాసిన రిపోర్టు మా అమ్మాయి చదివింది. బళ్ళో పిల్లలు ఏదో అన్నారంట. దానికి చెప్పండి."

అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది. తొమ్మిదో తరగతి. నేను ఆ పిల్లకి అంతా చెప్పాను. గొట్టం, తుప్పు బుడిపెలు, బలం ఎలా తరుగుతుందో, వాల్వు తెరిచి ఉన్నా నీళ్ళు ఎందుకు రాలేదో. బాగానే చెప్పాననుకున్నాను. శ్రద్ధగా వింది.

"గొట్టాలు పాడైపోయినయ్యని మీకు ముందే తెలుసా అండీ?" అని అడిగింది.

"తెలుసమ్మా."

"మరి నాన్న మీద ఎందుకు రాశారు?"

అబద్ధం చెప్పాలనిపించలేదు. "భయం వేసిందమ్మా" అన్నాను.

ఆ పిల్ల గొంతు పెంచలేదు.

"పాలేనికి పోయే వాల్వు మూసెయ్యమని ఊరివాళ్ళు కర్రలు తీసుకుని మా ఇంటి మీదికొచ్చారండీ. నాన్నక్కూడా భయమేసింది. మూయలేదు."